ప్లగిన్ అవసరం లేకుండా వెబ్ పేజీలో వీడియో పెట్టడం ఎలా?

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో కూర్చుని దుకాణాలకు, సంఘాలకు, బడులకు వెబ్ పేజీలు చేసిపెట్టే నన్ను నెలకు నలుగురైనా అడిగే ప్రశ్న ఇది: "పేజీలో వీడియో పెట్టానండీ, నా కంప్యూటరులో బాగానే ఆడుతోంది, మా బావగారి ఫోనులో మాత్రం నల్ల డబ్బా కనిపిస్తోంది, ఏదైనా ప్లగిన్ వేయించమని చెప్పాలా?" ప్లగిన్ అంటే బ్రౌజరుకు అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేరు; ఎవరి చేతా ఏమీ వేయించనక్కరలేదు. ఈ రోజు వాడుకలో ఉన్న దాదాపు ప్రతి బ్రౌజరూ వీడియోను తనంతట తానే ఆడించగలదు. ఆడలేదంటే లోపం దాదాపు ఎప్పుడూ ఫైలులోనో, దాని చిరునామాలోనో, కోడులోని ఒక కొటేషన్ గుర్తులోనో ఉంటుంది.

పాత పేజీలు ఉన్నవారికి ఒక్క మాట. ఆబ్జెక్ట్, ఎంబెడ్ అనే ట్యాగులతో (కోణపు గుర్తుల మధ్య రాసే కోడు పదాలతో) ఫ్లాష్ అనే పాత ప్లగిన్ వీడియో పెట్టిన పేజీ మీ దగ్గర ఉంటే దాన్ని బాగుచేయాలని చూడకండి. ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబ్ సంస్థ 2020 డిసెంబరు 31తో మద్దతు నిలిపివేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే తనలో ఏదీ ఆడకుండా అడ్డుకుంది. ఆ కోడును పూర్తిగా తీసివేసి, కింద చెప్పిన రెండు దారులలో ఒకదాన్ని పట్టుకోండి.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

మీ పేజీ హెచ్‌టీఎంఎల్ కోడును మార్చే వీలు ఉండాలి. సాదా టెక్స్ట్ ఎడిటర్ ఒకటి చాలు, నోట్‌ప్యాడ్ అయినా సరిపోతుంది. వర్డ్‌లో మాత్రం కోడు రాయవద్దు, కారణం తరువాత చెబుతాను. వీడియో ఫైలు, దాన్ని మార్చడానికి హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఫైలు లోపల ఏముందో చూడడానికి వీఎల్‌సీ ప్లేయరు కావాలి. చివరి పరీక్షకు మీది కాని ఫోను ఒకటి, వీలైతే ఐఫోను, ఎవరినైనా అడిగి తీసుకోండి.

ఈ వ్యాసంలో కోడు పదాలను పలికే విధంగా తెలుగులో రాస్తున్నాను. మీ పేజీలో వాటిని చిన్నబడి ఆంగ్ల అక్షరాలలోనే (స్మాల్ లెటర్స్) టైపు చేయాలి.

ఏ దారి మీది?

ఉదాహరణకు నా దగ్గర ఉన్న ఒక వీడియోనే తీసుకుంటాను. పొందూరులో నూలు వడికే ఒక ఇంటిలో తీసినది, నాలుగు నిమిషాలు. వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా పట్టుకుని ఒకావిడ పత్తిని శుభ్రం చేస్తూ ఉంటుంది. ఎముకకున్న సన్నని పళ్ల మధ్య నుంచి పోగులు జారడం దగ్గరగా కనిపిస్తుంది. ఫోను నుంచి వచ్చిన ఫైలు 500 ఎంబీకి పైబడింది. దాన్ని 720పి పరిమాణానికి తగ్గించి, బొమ్మకు సెకనుకు 1.5 మెగాబిట్లు, ధ్వనికి 128 కిలోబిట్లు ఇస్తే నిమిషానికి సుమారు 12 ఎంబీ, మొత్తం 49 ఎంబీ అవుతుంది. వంద మంది పూర్తిగా చూస్తే మీ హోస్టింగ్ ఖాతా (మీ పేజీని ఉంచిన సర్వరు ఖాతా) నుంచి దాదాపు 5 జీబీ డేటా ఖర్చవుతుంది.

ఈ లెక్క చూశాక నా సలహా సూటిగా చెబుతాను: రెండు నిమిషాలకు మించిన ఏ వీడియోనైనా యూట్యూబ్ వంటి సైటులో ఎక్కించి, అక్కడి నుంచి మీ పేజీలో పొదగండి. చూసేవారి నెట్ వేగాన్ని బట్టి నాణ్యతను పెంచుతూ తగ్గిస్తూ ఉండే పని ఆ సైటు చూసుకుంటుంది. పాలకొండ బస్సులో కూర్చుని మొబైల్ డేటాతో చూసేవారికి ఇది పెద్ద తేడా. దుకాణం ముంగిట తీసిన అర నిమిషం దృశ్యం, చీర అంచును దగ్గరగా చూపే ముక్క వంటివి సొంత సర్వరులో పెట్టుకోవచ్చు. ఇతరుల వీడియోను దించుకుని మీ సర్వరులో ఎక్కించడం మాత్రం, వారి అనుమతి లేకుండా, చేయకండి. అలాంటిది కావాలంటే మొదటి దారే సరైనది.

మొదటి దారి: యూట్యూబ్ వీడియోను పొదగడం

1. వీడియో పేజీని కంప్యూటరు బ్రౌజరులో తెరిచి, కింద ఉన్న షేర్ బొత్తాన్ని నొక్కి, వచ్చిన పెట్టెలో ఎంబెడ్‌ను ఎంచుకోండి. మీ సొంత వీడియో అయితే అది పబ్లిక్‌గానో అన్‌లిస్టెడ్‌గానో ఉండాలి. ప్రైవేటుగా ఉన్న వీడియో మీ బ్రౌజరులో మీకు కనిపించవచ్చు గాని, మీ పేజీకి వచ్చినవారికి కనిపించదు.

2. అదే పెట్టెలో ప్రైవసీ ఎన్‌హాన్స్‌డ్ మోడ్ అనే గడి ఉంటుంది. దాన్ని టిక్ చేస్తే చిరునామాలో యూట్యూబ్-నోకుకీ అన్న పేరు వస్తుంది. బడి పేజీలకు నేను ఎప్పుడూ దీన్నే వాడతాను.

3. కోడును కాపీ చేసి, పేజీలో వీడియో కనిపించవలసిన చోట అతికించండి. మీరు అతికించినది ఐఫ్రేమ్ అనే ట్యాగు. మీ పేజీ గోడకు ఒక కిటికీ తెరిచి అందులో యూట్యూబ్ పేజీని చూపిస్తుందన్న మాట. ఐఫ్రేమ్‌కు ముగింపు ట్యాగు తప్పనిసరి. అది కాపీలో జారిపోతే, వీడియో తరువాత ఉండవలసిన మీ ఫోన్ నంబరు, చిరునామా, పటం అన్నీ మాయమవుతాయి. "వీడియో పెట్టాక పేజీ సగం పోయింది" అని ఎవరైనా అంటే నేను మొదట చూసేది ఈ ముగింపు ట్యాగునే.

4. వెడల్పును సరిచేయండి. యూట్యూబ్ ఇచ్చే కోడులో వెడల్పు 560, ఎత్తు 315 అని స్థిరంగా ఉంటుంది. ఫోను తెరకు ఇది పట్టక పేజీ పక్కకు జరుగుతుంది. ఐఫ్రేమ్‌కు స్టైల్ ఇచ్చి అందులో విడ్త్ 100 శాతం, హైట్ ఆటో, యాస్పెక్ట్-రేషియో 16/9 అని మూడూ రాయండి. ఈ మూడింటిలో చివరిది మరచిపోతే ఐఫ్రేమ్ 150 పిక్సెళ్ల ఎత్తున సన్నని పట్టీలా నిలుస్తుంది. 2021కి ముందరి బ్రౌజర్లలో ఈ పద్ధతి పనిచేయకపోవచ్చు. అంత పాత ఫోన్లు కూడా మీకు ముఖ్యమైతే, ఐఫ్రేమ్‌ను డివ్ అనే ఒక పెట్టె ట్యాగులో పెట్టి, ఆ డివ్‌కు అడుగున 56.25 శాతం ప్యాడింగ్ ఇచ్చి, ఐఫ్రేమ్‌ను దాని మీద పూర్తిగా పరచాలి. 9ని 16తో భాగిస్తే వచ్చేదే ఆ సంఖ్య.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని మూడు లాంతర్ల దగ్గర నిలబడి తీసినవారందరూ, మాను పొడవు మొత్తం పట్టాలని ఫోనును నిలువుగానే పట్టుకుంటారు. అటువంటి వీడియోకు 16/9 పెడితే రెండు వైపులా నల్లని పట్టీలు వచ్చి, మాను మధ్యలో అగ్గిపుల్లలా మిగులుతుంది. నిలువు వీడియోకు నిష్పత్తిని 9/16గా మార్చి, కంప్యూటరు తెర మీద అది మిద్దెంత పెరగకుండా గరిష్ఠ వెడల్పును 360 పిక్సెళ్లకు కట్టివేయండి.

5. ఒకే పేజీలో నాలుగైదు వీడియోలు ఉంటే ప్రతి ఐఫ్రేమ్‌కు లోడింగ్ అనే యాట్రిబ్యూట్‌లో (ట్యాగు లోపల రాసే అమరికలో) లేజీ అని రాయండి. చూసేవారు కిందకు జరిపి వీడియో దగ్గరకు వచ్చేదాకా అది లోడు కాదు, పేజీ త్వరగా తెరుచుకుంటుంది.

వీడియో నడుమ నుంచి మొదలు కావాలంటే, చిరునామా చివర ప్రశ్నార్థకం పెట్టి స్టార్ట్=45 అని సెకన్లలో రాయండి; అక్కడ ముందే ఒక ప్రశ్నార్థకం ఉంటే దాని బదులు యాంపర్‌సాండ్ గుర్తు పెట్టాలి. మామూలు లింకులో వాడే టీ=45 ఇక్కడ పనిచేయదు. వీడియో ముగిశాక వేరే వీడియోలు కనిపించకుండా చేయాలని చాలామంది అడుగుతారు. దానిని పూర్తిగా ఆపలేము; రెల్=0 అని చేర్చితే మాత్రం 2018 నుంచి అదే ఛానెల్ వీడియోలే కనిపిస్తున్నాయి.

వర్డ్‌ప్రెస్ వాడేవారికి ఇంత శ్రమ లేదు. వీడియో మామూలు లింకును ఒక ఖాళీ పేరాలో ఒంటరిగా అతికిస్తే చాలు, మిగిలినది అదే చూసుకుంటుంది. ఆ లింకుకు ముందు గాని వెనుక గాని ఒక్క మాట రాసినా అది లింకుగానే మిగిలిపోతుంది.

రెండవ దారి: మీ సొంత ఫైలును ఆడించడం

ఇక్కడ కోడు కంటే ఫైలు తయారీకే ఎక్కువ సమయం ఇవ్వాలి. ఎంపీ4 అన్నది కేవలం ఒక పెట్టె పేరు. లోపల బొమ్మ ఏ పద్ధతిలో కుదించి ఉందో ఆ పేరు చెప్పదు, బ్రౌజరుకు కావలసింది మాత్రం అదే.

1. ఫైలును వీఎల్‌సీలో తెరిచి, టూల్స్‌లో కోడెక్ ఇన్ఫర్మేషన్ చూడండి. అక్కడ హెచ్.264 అని ఉంటే మంచిది; ఎక్కడైనా ఆడే పద్ధతి అదే. హెచ్.265 లేదా హెచ్ఈవీసీ అని ఉంటే ఆ ఫైలును అలాగే ఎక్కించకండి. కొన్ని యంత్రాలలో అది చక్కగా ఆడుతుంది, మరికొన్నింటిలో ధ్వని వినిపిస్తూ బొమ్మ నల్లగా ఉంటుంది. బావగారి ఫోనులోని నల్ల డబ్బాకు చాలాసార్లు ఇదే కారణం. ఐఫోనులో ముందుగానే జాగ్రత్తపడాలంటే సెట్టింగులలో కెమెరా, ఫార్మాట్స్ తెరిచి మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకోండి.

2. హ్యాండ్‌బ్రేక్‌లో ఫైలును తెరిచి, ఫాస్ట్ 720పి30 అనే సిద్ధంగా ఉన్న అమరికను ఎంచుకోండి. ఫార్మాట్ ఎంపీ4, వీడియో హెచ్.264, ఆడియో ఏఏసీ అని ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకోండి. నాణ్యతను సూచించే ఆర్ఎఫ్ అంకె పెరిగిన కొద్దీ ఫైలు చిన్నదై బొమ్మ మసకబారుతుంది. 22 నుంచి 24 మధ్య పెట్టి చూడండి. పత్తి పోగుల వంటి సన్నని వివరాలు ఉన్నచోట నేను 22 దాటను.

3. అదే తెరలో వెబ్ ఆప్టిమైజ్‌డ్ అనే గడిని తప్పక టిక్ చేయండి. ఎంపీ4 ఫైలుకు ఒక విషయసూచిక ఉంటుంది, ఏ క్షణపు బొమ్మ ఎక్కడుందో అది చెబుతుంది. ఆ సూచిక తరచు ఫైలు చివరన ఉంటుంది. అప్పుడు బ్రౌజరు దానికోసం వెతుకులాడవలసి వస్తుంది, కొన్ని సర్వర్ల మీద ఫైలంతా దిగేదాకా వీడియో మొదలే కాదు. ఈ టిక్కు ఆ సూచికను ముందుకు తెస్తుంది.

4. ఫైలు పేరును చిన్నబడి ఆంగ్ల అక్షరాలలో, ఖాళీలు లేకుండా, మాటల మధ్య హైఫన్‌తో పెట్టండి. ఈ నియమాన్ని నేను కష్టపడి నేర్చుకున్నాను. ఒకసారి ఫోను నుంచి వచ్చిన ఫైలుకు చివర ఎంపీ4 అన్నది పెద్దబడి అక్షరాలలో ఉంది, నేను కోడులో చిన్నబడిలో రాశాను. నా విండోస్ కంప్యూటరులో ఆడింది. సర్వరులో ఎక్కించాక ఆడలేదు. లైనక్స్ సర్వర్లకు పెద్ద అక్షరం, చిన్న అక్షరం వేర్వేరు పేర్లన్న సంగతి తట్టేసరికి రాత్రి పదకొండయింది.

5. ఇప్పుడు కోడు. వీడియో అనే ట్యాగును తెరిచి, అందులో కంట్రోల్స్ అన్న మాటను రాయండి. అది లేకపోతే ప్లే బొత్తామే కనిపించదు. ప్లేస్ఇన్‌లైన్ అన్న మాటను చేర్చండి. లేకపోతే ఐఫోనులో వీడియో నొక్కగానే తెర మొత్తం ఆక్రమిస్తుంది. ప్రీలోడ్ విలువను మెటాడేటా అని పెడితే, ఎవరూ నొక్కకముందే ఫైలంతా దిగిపోయి వారి డేటా వృథా కాకుండా ఉంటుంది. పోస్టర్ అనే యాట్రిబ్యూట్‌లో ఒక మంచి బొమ్మ చిరునామా ఇవ్వండి. నా పొందూరు వీడియోకు దవడ ఎముక స్పష్టంగా కనిపించే క్షణాన్ని పోస్టర్‌గా పెట్టాను, అంతకుముందు మొదటి ఫ్రేములో ఉన్నది నా బొటనవేలు.

6. ఆ ట్యాగు లోపల సోర్స్ అనే ట్యాగును పెట్టి, ఎస్ఆర్‌సీలో ఫైలు చిరునామాను, టైప్‌లో వీడియో/ఎంపీ4 అని రాయండి. దాని కింద సాదా వాక్యంగా, ఆ ఫైలును దించుకునే లింకు ఒకటి ఇవ్వండి. వీడియో ట్యాగునే ఎరుగని అరుదైన బ్రౌజరుకు అది కనిపిస్తుంది. చివరగా వీడియో ట్యాగును మూసివేయండి.

పేజీ తెరవగానే వీడియో తనంతట తానే మొదలు కావాలని దుకాణదారులు ముచ్చటపడతారు. ఆటోప్లే అన్న మాట ఒక్కటే రాస్తే అది జరగదు. 2018 నుంచి క్రోమ్‌లో ధ్వనితో కూడిన వీడియో చాలా సందర్భాలలో తనంతట తాను మొదలు కాదు, తక్కిన ప్రధాన బ్రౌజర్లదీ ఇదే తీరు. ఆటోప్లే పక్కన మ్యూటెడ్ అని కూడా రాయాలి. నన్నడిగితే రెండూ వద్దంటాను, బట్ట కదలికను చూపే పది సెకన్ల ముక్కకు తప్ప.

తెలుగు ఉపశీర్షికలు

వినికిడి తక్కువవారికే కాక, ఆసుపత్రి వరండాలో ధ్వని ఆపి చూసేవారికి కూడా ఇవి పనికివస్తాయి. సాదా టెక్స్ట్ ఫైలులో మొదటి వరుసన వెబ్‌వీటీటీ అని ఆంగ్ల పెద్దక్షరాలలో రాసి, ఒక వరుస ఖాళీ వదిలి, ఆరంభ సమయం, రెండు హైఫన్లతో బాణం, ముగింపు సమయం ఒక వరుసలో, దాని కింద తెలుగు వాక్యం రాయాలి. సమయంలో సెకన్లకూ మిల్లీసెకన్లకూ మధ్య చుక్క ఉండాలి. ఎస్ఆర్‌టీ అనే మరో రకం ఉపశీర్షిక ఫైళ్లలో అక్కడ కామా ఉంటుంది, దాన్ని మార్చకుండా వాడితే ఏ వాక్యమూ కనిపించదు. ఫైలును యూటీఎఫ్-8లో భద్రపరచకపోతే తెలుగుకు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. తరువాత వీడియో ట్యాగు లోపల ట్రాక్ ట్యాగును చేర్చి, భాషగా తెలుగుకు సంకేతమైన టీ-ఈ అన్న రెండక్షరాలను ఇవ్వండి. డిఫాల్ట్ అన్న మాటను కూడా చేర్చితే ఉపశీర్షికలు మొదటి నుంచే కనిపిస్తాయి.

పరీక్షించే తీరు

పేజీని మీ కంప్యూటరులో రెండుసార్లు నొక్కి తెరిచి చూసుకోవడం పరీక్ష కాదు. అలా తెరిచినప్పుడు యూట్యూబ్ కిటికీలో లోపం 153 అన్న సందేశం రావచ్చు, ఎందుకంటే ఏ సైటు నుంచి అడుగుతున్నారో యూట్యూబ్‌కు తెలియదు. క్రోమ్‌లో ఉపశీర్షికలు కూడా రావు. కాబట్టి సర్వరులో ఎక్కించి చూడండి. అక్కడ కూడా 153 వస్తే మీ పేజీ రెఫరర్‌ను, అంటే ఏ సైటు నుంచి అడుగుతున్నారన్న సమాచారాన్ని, దాచిపెడుతోందని అర్థం: ఐఫ్రేమ్‌లో యూట్యూబ్ ఇచ్చిన రెఫరర్‌పాలసీ అనే భాగాన్ని మీరు తీసివేశారేమో చూడండి.

తరువాత మీది కాని ఫోనులో, వైఫై ఆపి, మొబైల్ డేటా మీద, ప్రైవేట్ కిటికీలో తెరవండి. నాలుగు సంగతులు గమనించండి: నొక్కిన కొద్ది సెకన్లలో మొదలవుతోందా, ధ్వని, బొమ్మ రెండూ ఉన్నాయా, గీతను మధ్యకు జరిపితే అక్కడి నుంచి ఆడుతోందా, ఫోనును అడ్డంగా తిప్పినప్పుడు పేజీ పక్కకు జారకుండా ఉందా. మూడవది విఫలమైతే, ఫైలును ముక్కలుగా ఇచ్చే పద్ధతి మీ సర్వరులో లేదని అనుమానించండి. ఆ పద్ధతి లేని సర్వరు నుంచి సఫారీలో వీడియో మొదలే కాకపోవచ్చు. దాన్ని కోడుతో బాగుచేయలేరు, హోస్టింగ్ వారిని అడగాలి, లేదా మొదటి దారికి మళ్లాలి.

తరచు జరిగే పొరపాట్లు

నా దగ్గరకు వచ్చే పేజీలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది వంకర కొటేషన్. కోడును వర్డ్‌లో దాచుకుంటే నిటారు కొటేషన్ గుర్తులు వంపు తిరిగిన గుర్తులుగా మారతాయి. ఎవరికైనా పంపించినప్పుడు దారిలో కూడా మారవచ్చు. కంటికి రెండూ ఒకటే అనిపిస్తాయి, బ్రౌజరుకు కావు. అనుమానం వస్తే కోడులోని ప్రతి కొటేషన్‌ను చెరిపి నోట్‌ప్యాడ్‌లో మళ్లీ టైపు చేయండి.

కిటికీలో "కనెక్ట్ కావడానికి నిరాకరించింది" అన్న సందేశం కనిపిస్తే, ఎంబెడ్ చిరునామాకు బదులు బ్రౌజరు పైన ఉండే వాచ్ చిరునామాను పెట్టి ఉంటారు. "ఈ వీడియో యూట్యూబ్‌లోనే చూడండి" అని వస్తే యజమాని ఇతర సైటులలో పొదగడాన్ని ఆపివేశారు; అది వారి హక్కు, మరో వీడియో వెతుక్కోవాలి. మీ వీడియోకే అలా వస్తే, యూట్యూబ్ స్టూడియోలో ఆ వీడియో వివరాల చివరన ఎంబెడింగ్‌ను అనుమతించే గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయండి.

కోడే అక్షరాలుగా పేజీలో కనిపిస్తే, ఎడిటరులో మామూలు రాతకు ఉద్దేశించిన చోట అతికించారు. హెచ్‌టీఎంఎల్ చూపులోకి మారి అతికించాలి. మీ సైటు హెచ్‌టీటీపీఎస్ మీద ఉంటే వీడియో చిరునామా కూడా హెచ్‌టీటీపీఎస్‌తోనే మొదలు కావాలి.

ఒక ఫైలును తీసి కొత్తది ఎక్కించాక కూడా పాత వీడియోనే ఆడుతోందంటే కంగారుపడి మళ్లీ ఎక్కించవద్దు. బ్రౌజరు తన దగ్గర దాచుకున్న పాత ప్రతినే చూపిస్తోంది. కొత్త ఫైలు పేరు చివర 2 అని చేర్చి, కోడులోని సోర్స్ చిరునామాలో కూడా ఆ పేరే రాయండి.